ఎస్‌పీఎఫ్ 50 అన్న అంకె మంగు మచ్చల సంగతి చెప్పదు

రెండో కాన్పు తర్వాత నా రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. విజయవాడ ఎండలో రోజూ స్కూటీ మీద కళాశాలకు వెళ్లివచ్చే నేను, మందుల దుకాణంలో అడిగి, పెద్ద అక్షరాలతో ఎస్‌పీఎఫ్ 50 అని రాసి ఉన్న సన్‌స్క్రీన్ ఒకటి కొని, ఎనిమిది నెలల పాటు ఒక్కరోజు కూడా మానకుండా రాసుకున్నాను. మంగు తగ్గలేదు సరికదా, వేసవి ముగిసేసరికి ముక్కు దూలం మీదికి కూడా పాకింది. చర్మవైద్యురాలు ఆ ట్యూబును వెనక్కి తిప్పి, అందులోని పదార్థాలు ఒక్కొక్కటీ చదివి, అది దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపదో విడమరచి చెప్పారు. ఆ రోజు నుంచి ముందువైపు అంకె చూసి కొనడం మానేశాను. మన చామనచాయ చర్మానికి కావలసిన సమాచారం ఆ అంకెలో లేదని తెలిసీ దాన్నే పెద్దదిగా చూపించి అమ్మడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఎస్‌పీఎఫ్ ప్రధానంగా చర్మాన్ని ఎర్రగా కమిలించే యూవీ-బీ అనే అతినీలలోహిత కిరణాలకు సంబంధించిన కొలత. 30 ఉన్నది ఆ కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని, 50 ఉన్నది దాదాపు 98 శాతాన్ని ఆపుతాయి కాబట్టి, ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు ధర పెట్టనవసరం లేదు. మనలో చాలామందికి కమలడం కంటే నల్లబడడం, మచ్చలు పడడం పెద్ద బాధ. అందులో యూవీ-ఏ అనే మరో రకం అతినీలలోహిత కిరణం పాత్ర ఎక్కువ; అది కిటికీ అద్దాన్ని దాటి ఇంట్లోకి కూడా వస్తుంది. దీనికి జపాన్‌లో మొదలైన పీఏ గుర్తు ఉంది. దాని పక్కన నాలుగు ప్లస్‌లుంటే యూవీ-ఏ రక్షణ కొలత 16 లేదా అంతకు మించి ఉందని అర్థం. నా పాత ట్యూబు మీద ఆ గుర్తే లేదు.

యూవీ-ఏను ఆపడానికి అందులో అవొబెంజోన్ ఒక్కటే ఉంది, దానికి తోడుగా యూవీ-బీని ఆపే ఆక్టినాక్సేట్ కలిపారు. ఎండ తగిలితే ఈ రెండూ ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. అవొబెంజోన్ నిలకడగా ఉండాలంటే ఆక్టోక్రిలీన్ గానీ, బెమోట్రిజినాల్ గానీ తోడుండాలి. బెమోట్రిజినాల్‌నే టినోసార్బ్ ఎస్ అని కూడా అంటారు. అది యూవీ-ఏ, యూవీ-బీ రెండింటినీ ఆపుతుంది, వెలుతురుకు త్వరగా చెడదు, కాబట్టి జాబితాలో అది కనిపిస్తే నాకు కొంత ధైర్యం. జింక్ ఆక్సైడ్ కూడా మంచిదే కానీ, దాన్ని 'రసాయనాలు లేనిది' అని ప్రచారం చేయడం తప్పు; జింక్ ఆక్సైడ్ కూడా రసాయనమే, అదీ కిరణాలను ఎక్కువ భాగం పీల్చుకునే ఆపుతుంది.

అయితే మంగు ఉన్నవారికి ఇంత చూసుకున్నా సరిపోదు. కంటికి కనిపించే వెలుతురు, ముఖ్యంగా అందులోని నీలి కాంతి, మనలాంటి చామనచాయ చర్మంలో నలుపును పెంచుతుంది, ఆ నలుపు చాలాకాలం నిలుస్తుంది. కంటికి కనిపించని పూత కంటికి కనిపించే కాంతిని ఆపలేదు. 'తెల్లగా కనిపించదు, రాసినట్టే తెలియదు' అని పొగిడే సన్‌స్క్రీన్లన్నీ ఈ విషయంలో మనకు పనికిరానివే. ఆ కాంతిని ఆపేది ఐరన్ ఆక్సైడ్లు కలిసిన రంగు పూత. మెక్సికోలో మంగు ఉన్నవారి మీద చేసి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అందరికీ మచ్చలను తగ్గించే హైడ్రోక్వినోన్ అనే మందు ఇచ్చి, సగం మందికి మామూలు సన్‌స్క్రీన్, మిగతావారికి ఐరన్ ఆక్సైడ్ ఉన్నది వాడించినప్పుడు, రెండో జట్టులో మచ్చలు మరింతగా తగ్గాయి. జాబితా చివర సీఐ 77491, 77492, 77499 అన్న సంకేతాలు ఉన్నాయేమో చూడండి, అవే ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు. సీఐ 77891 ఒక్కటే ఉంటే అది టైటానియం డయాక్సైడ్, చామనచాయ ముఖానికి బూడిద పూసినట్టుండే తెలుపు చాలావరకు దానివల్లే వస్తుంది.

ఏ చర్మానికి ఏది పడుతుందన్నది మరో సంగతి. పొడి చర్మం వారు జాబితా మొదట్లోనే ఆల్కహాల్ ఉన్నవాటిని వదిలేయడం మేలు. చెమటతో పాటు కళ్లలోకి కారి మండేవి మా ఊరి వేసవిలో పనికిరావు. 'మొటిమలు రానివ్వదు' అన్న మాటను నమ్మి ముఖమంతా రాసుకోకుండా, నాలుగైదు రోజులు చెవి కింద కొద్దిగా రాసి చూడాలి. ఇక పరిమాణం విషయానికి వస్తే, పరీక్షల్లో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. ముఖానికీ మెడకూ కలిపి అది సుమారు 1.2 గ్రాములు, అంటే 50 గ్రాముల ట్యూబు సుమారు నలభై సార్లకే వస్తుంది. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. శనగగింజంత రాసుకుని ఒకే ట్యూబును ఆరు నెలలు వాడితే, డబ్బా మీది రక్షణ మన ముఖానికి చేరనే చేరదు.

అమెరికాలో సన్‌స్క్రీన్‌ను మందుగా పరిగణిస్తారు కాబట్టి కిరణాలను ఆపే ప్రతి పదార్థం ఎంత శాతం ఉందో డబ్బా మీదే ఉంటుంది. మన దేశంలో ఇది సౌందర్య సాధనం. నేను తిరగేసిన చాలా ట్యూబుల మీద శాతాలు లేవు. కొనేవాళ్లం గట్టిగా అడిగితే తప్ప అవి రావు, అందుకే దుకాణంలోనూ, కంపెనీలకు రాసే ఉత్తరాల్లోనూ నేను అడుగుతూనే ఉన్నాను. ఐరన్ ఆక్సైడ్ కలిసినది వాడడం మొదలుపెట్టి ఏడాది అయింది, వైద్యురాలు ఇచ్చిన మందుతో పాటు వాడుతూ ఉంటే నా మంగు చాలావరకు తగ్గింది. అదే ట్యూబు మా అమ్మ ముఖానికి రాస్తే గోధుమ పిండి అద్దినట్టు కనిపించింది. ఆవిడ రంగుకు నప్పే ఛాయ కోసం ఇప్పటికి నాలుగు కంపెనీలవి చూశాను, ఇంకా దొరకలేదు.