పిల్లికి ప్రాణసంకటం

లిల్లీ రేకు కాస్త కొరికినా, దాని పుప్పొడి ఒంటికి అంటుకుంటే నాకినా, ఆ పూలు పెట్టిన కుండీలో నీళ్లు రెండు గుక్కలు తాగినా చాలు, పిల్లి మూత్రపిండాలు మూడు రోజుల్లో పనిచేయడం మానేసే ప్రమాదం ఉంది. పశువైద్యులు ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఇది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా పిల్లుల్ని పెంచేవారిని ఈ విషయంలో ప్రత్యేకంగా హెచ్చరించింది. మన దగ్గర మాత్రం మొక్క అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. ఈ నిర్లక్ష్యం ఇక చాలు.

ఒకప్పుడు ఊటీకో, కొడైకెనాల్‌కో వెళ్తే చూసే పువ్వు ఇది. ఇప్పుడు హిమాచల్‌ప్రదేశ్, ఉత్తరాఖండ్, నీలగిరి కొండల్లోని పాలీహౌస్‌లలో పండి నగరాల పూల మార్కెట్లకు, అక్కణ్నుంచి బొకేల్లోకి వస్తోంది. నెదర్లాండ్స్ నుంచి దిగుమతైన దుంపలు చలికాలం ముందు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మిద్దె తోటల వాళ్లు సరదాపడి తెప్పించుకుని కుండీల్లో నాటుతున్నారు. మరోపక్క అపార్ట్‌మెంట్లలో పిల్లుల్ని పెంచుకునే ఇళ్లు పెరిగాయి. వీధి పిల్లులు ఎలాగూ ఉన్నాయి.

ముందు ఏ లిల్లీ గురించి మాట్లాడుతున్నామో స్పష్టంగా చెప్పాలి, లేకపోతే అనవసరంగా కంగారు పుట్టించిన వాళ్లమవుతాం. మన దగ్గర లిల్లీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది దండల్లో గుచ్చే తెల్లటి నేల సంపెంగ. దానికీ అసలు లిల్లీకీ దగ్గరి చుట్టరికం లేదు. ఆ పూలు సాగుచేసే రైతులకు గానీ, దేవుడి పటానికి దండ వేసేవాళ్లకు గానీ ఈ విషయంలో టెన్షన్ అక్కర్లేదు. తొలకరికి గుంపుగా పూసే రెయిన్ లిల్లీ, వేసవిలో ఎర్రగా విచ్చుకునే మే లిల్లీ కూడా వేరే కుటుంబానివి. వాటి దుంపలు తింటే వాంతులవుతాయి, కడుపు చెడుతుంది, ఈ మూత్రపిండాల జబ్బు మాత్రం రాదు. ఫ్లాట్లలో నీడపట్టున పెంచే పీస్ లిల్లీ ఆకు కొరికితే అందులోని సన్నటి స్ఫటికాలు నోట్లో గుచ్చుకుని మంట పుడుతుంది, చొంగ కారుతుంది. బాధ పడుతుంది గానీ సాధారణంగా ప్రాణం పోదు. గ్లోరియోసా లిల్లీ అని కూడా పిలిచే అడవినాభి సంగతి వేరు. దాని దుంప మనుషుల్నే చంపుతుంది, పిల్లి ఉన్నా లేకపోయినా అది పెరట్లో ఉండకూడదు.

పిల్లి మూత్రపిండాలను దెబ్బతీసేవి రెండు జాతులు. మొదటిది లిలియం. ఏషియాటిక్, ఓరియంటల్, స్టార్‌గేజర్, టైగర్, ఈస్టర్ లిల్లీ అనే పేర్లతో అమ్మేవన్నీ ఇందులోవే. నిటారుగా ఒకే కాడ లేచి, దాని పొడవునా ఆకులు ఉంటాయి. దుంప వెల్లుల్లి రెబ్బలు పేర్చినట్టు పొలుసులుగా కనిపిస్తుంది. రెండోది డే లిల్లీ. నేల నుంచే పొడవాటి ఆకులు గుబురుగా వస్తాయి, ఒక్కో పువ్వూ ఒక్క రోజే ఉంటుంది. లిలియం మన ఎండలకు తట్టుకోలేదు, కానీ డే లిల్లీ తట్టుకుంటుంది. పిలకలు వేసుకుంటూ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. తెలుగు నేల మీద ఆరుబయట తోటల్లో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది దీని దగ్గరే.

లిలియం పువ్వు మధ్యలో ఆరు కేసరాలు బయటికి పొడుచుకుని ఉంటాయి. వాటి చివర ఇటుక రంగు పొడి. చొక్కాకు అంటితే ఓ పట్టాన మరక వదలదు. కుండీ పక్కనుంచి ఒరుసుకుంటూ వెళ్లిన పిల్లి వీపు మీద ఆ పొడి రాలుతుంది. ఒంటి మీద ఏదైనా అంటితే పిల్లి ఊరుకోదు కదా. ఓ చోట కూర్చుని గరుకు నాలుకతో వెంట్రుక వెంట్రుకా నాకి శుభ్రం చేసుకుంటుంది. విషం కడుపులోకి వెళ్లేది అలాగే. బట్టలకు మరకలు పడకుండా కొందరు పూలవాళ్లు కేసరాలు తుంచేసి అమ్ముతారు. దాంతో ప్రమాదం తప్పిందనుకోవద్దు. ఆకులో, కాడలో, రేకులో అంతటా విషముంది. నీటిలో కరిగే గుణం ఉంది కాబట్టి కాడలు నానిన నీళ్లలోకీ దిగుతుంది. ఆ విష పదార్థం ఏమిటో శాస్త్రవేత్తలు ఇంతవరకూ కచ్చితంగా తేల్చలేకపోయారు, విరుగుడు మందు కూడా లేదు. అదే మొక్కను కుక్క తింటే వాంతులు, కడుపునొప్పితో సరిపోతుంది.

తిన్న కొన్ని గంటల్లోనే పిల్లి వాంతి చేసుకుంటుంది. తిండి ముట్టదు, ఓ మూల ముడుచుకుని పడుకుంటుంది. తర్వాత వాంతులు తగ్గుతాయి. ‘ఏదో పడలేదు, తగ్గిపోయిందిలే’ అని ఇంట్లోవాళ్లు ఊరట చెందేది అప్పుడే. లోపల మాత్రం మూత్రపిండాల్లోని సన్నటి నాళాల కణాలు చచ్చిపోతూ ఉంటాయి. పదేపదే నీళ్లు తాగుతుంది, మూత్రం ఎక్కువగా పోస్తుంది, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రపిండాలు పూర్తిగా చేతులెత్తేస్తాయి. మూత్రం ఆగిపోయిన పిల్లిని బతికించడం చాలా కష్టం.

18 గంటలలోపు డాక్టరు దగ్గరికి చేరిస్తే పరిస్థితి వేరుగా ఉంటుంది. వాంతి చేయించి, కడుపులోని విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి (యాక్టివేటెడ్ చార్‌కోల్) ఇచ్చి, రెండు మూడు రోజులు సెలైన్ ఎక్కిస్తే చాలా పిల్లులు కోలుకుంటాయి. అందుకే లిల్లీ కొరికిందని అనుమానం వచ్చినా చాలు, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే బయల్దేరాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ఇంటి వైద్యం వద్దే వద్దు, అంత ఉప్పు కూడా పిల్లికి ప్రమాదమే. పాలు పట్టించినా ప్రయోజనం లేదు. ఒంటి మీద పుప్పొడి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, నాకనివ్వకుండా పట్టుకుని, మొక్కకు ఫొటో తీసుకుని వెళ్లాలి. ఏ మొక్కో చూపిస్తే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.

పిల్లి ఉన్నవాళ్లు దాన్ని ఇంట్లో ఉంచుకోవాలి గానీ, మా తోటలో ఏం నాటాలో మరొకరు చెప్పడమేమిటి అనేవారున్నారు. పెంపుడు పిల్లుల వరకు ఆ మాటలో న్యాయం ఉంది. కానీ మన వీధుల్లో తిరిగే పిల్లుల్లో చాలావాటికి యజమాని అంటూ ఎవరూ ఉండరు. ఒకరింట్లో పాలు, ఇంకొకరింట్లో చేప ముల్లు, మరొకరి మేడ మెట్ల కింద నిద్ర. పిట్టగోడలు, సన్‌షేడ్ల మీదుగానే వాటి రాకపోకలు. అలాంటి పిల్లి ఓ రాత్రి డే లిల్లీ ఆకు నమిలి, రెండు రోజుల తర్వాత ఏ షెడ్డు వెనుకో చనిపోతే ఎందుకు చనిపోయిందో ఎవరికీ తెలియదు. దాని తరఫున ఆసుపత్రికి పరుగెత్తేవారూ ఉండరు. జీవుల పట్ల కరుణ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని మన రాజ్యాంగం 51ఎ అధికరణలో రాసుకున్నాం. ఏ మొక్క నాటాలో ఎంచుకునే అవకాశం మనిషికే ఉంది కాబట్టి బాధ్యత కూడా మనిషిదేనని మేము భావిస్తున్నాం. పిల్లులు తిరిగే తోటలో, మిద్దె మీద లిలియం, డే లిల్లీ నాటవద్దు. ఎత్తున పెట్టాం, వల కట్టాం అనే ధీమా పనికిరాదు. ఇప్పటికే ఉన్నవాటిని దుంపలతో సహా తవ్వి, సంచి మూతి కట్టి చెత్తబండికి ఇవ్వండి. గులాబీ, మల్లె, జెర్బెరా, జీనియా, మెట్టతామర లాంటివి పిల్లులకు హాని చేయవు, అందానికీ లోటుండదు. ఇక తెలిసి తెలిసీ పిల్లుల బెడద వదులుతుందని నాటేవాళ్లు ఎవరైనా ఉంటే, జంతువులకు విషం పెట్టడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద నేరమని గుర్తుంచుకోవాలి.

అయితే అసలు సంగతి తెలియని కొనుగోలుదారుడి మీదే భారమంతా వేయడం సరికాదు. బ్రిటన్ సూపర్‌మార్కెట్లలో లిల్లీల కట్ట కొంటే పిల్లులకు ప్రమాదమన్న హెచ్చరిక కవరు మీదే కనిపిస్తుంది. ఈస్టర్ ముందు అమెరికా దుకాణాల్లో కుండీలతో సహా అమ్మే తెల్ల లిల్లీలను కొనే మన ప్రవాసులు కూడా ఈ సంగతి చూసుకోవాలి. కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశమంతటికీ మొక్కలు వెళ్తున్నాయి. కుండీకి మొక్క పేరు, ధర రాసి తగిలించే చీటీ మీదే ‘పిల్లులకు విషం’ అని మరో రెండు మాటలు ముద్రించడానికి అయ్యే ఖర్చెంత? ఆన్‌లైన్‌లో దుంపలు అమ్మేవాళ్లకైతే ఆ ఖర్చూ లేదు. రెండు రాష్ట్రాల ఉద్యాన శాఖలు ఈ మేరకు ఆదేశాలివ్వాలి. పశువైద్య, ఉద్యాన విశ్వవిద్యాలయాలు కలిసి, పెంపుడు జంతువులకు హాని చేసే మొక్కల పట్టికను ఫొటోలతో తెలుగులో తీసుకురావాలి. పశువైద్యం కోసం 1962 నంబరుకు ఫోన్ చేసేవారు పిల్లి లిల్లీ తిన్నదని చెబితే, అవతలివారు వెంటనే సరైన సలహా ఇచ్చేలా శిక్షణ కూడా అవసరం. దుంపలు నాటే అదను అక్టోబరు నుంచి మొదలవుతుంది. ఆ లోపే చీటీలు కుండీలకు చేరాలి.