337 గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన 337 గారికి,

నమస్కారం. క్షేమమా అని అడగలేను. 337 టన్నుల భోపాల్ విషవ్యర్థమైన మిమ్మల్ని 2025 జూన్ నెలాఖరుకల్లా పూర్తిగా కాల్చేశారు కదా! అయినా సున్నం గట్రా కలుపుకుని, బూడిదగా ఎనిమిది వందల టన్నులు దాటి ఒళ్లు చేశారని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

భోపాల్ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో మిగిలిన విషం ఎంత అంటే, టీవీ చూసేవాళ్లెవరైనా ఠక్కున మీ పేరే చెబుతారు. 162 టన్నుల మట్టి, 92 టన్నుల సెవిన్ (అక్కడ తయారైన పురుగుమందు), దాని తయారీలో వాడే నాఫ్థాల్ అవశేషాలు, 54 టన్నుల సగం తయారైన పురుగుమందు, 29 టన్నుల రియాక్టర్ వ్యర్థం. అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లో కూడా ఇంత పక్కాగా రాసుకోరు.

కానీ మీ పుట్టుక సంగతి ఒకటి అడగాలి. ఏమీ అనుకోకండి. ఫ్యాక్టరీ ఆవరణలో పైపైన పడున్నదాన్ని చేతికందినంత పోగేసి, బస్తాలకెత్తి, 2005లో ఓ షెడ్డులో పెట్టారు. దాన్ని తూకం వేస్తే వచ్చిన అంకె మీరు. అంతే కదా? భూమిలోకి ఎంత దిగింది, నీళ్లలో ఎటు పోయింది అని అడిగితే వచ్చిన జవాబు మాత్రం మీరు కాదు.

ఆ జవాబు మీ అన్నగారు. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, మన హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ కలిసి 2010లో ఆయన్ని లెక్కగట్టాయి: కలుషితమైన మట్టి 11 లక్షల టన్నులు. ఆయన పక్కన మీరు మూడు వేలలో ఒక వంతు కూడా లేరు. ఆయన్ని ఏ కంటైనరూ ఎక్కించుకోలేదు, ఏ మంత్రీ జెండా ఊపలేదు.

ఇలాంటి చోటును శుభ్రం చేయడానికి ఓ వరస ఉంది. ఏం తేల్చుకోవాలన్నది ముందు. హద్దు ఎక్కడ గీయాలన్నది తర్వాత: ఫ్యాక్టరీ గోడ వరకేనా, గోడ అవతల వ్యర్థజలాల్ని ఎండగట్టిన చెరువులదాకానా, బస్తీ బోర్లదాకానా? ఆ చెరువులు కారుతున్నాయని 1982లోనే కంపెనీవాళ్లు తమ టెలెక్స్ సందేశాల్లో గోల పెట్టుకున్నారు, కాబట్టి గోడను హద్దనుకోవడానికి వీల్లేదు. ఆ పైన ఎన్ని చోట్ల, ఎంత లోతున మట్టి తీయాలి, లెక్క తప్పితే ఎంత తప్పు వరకు ఓర్చుకోవచ్చు అన్నవి. లారీ మాట వచ్చేది వీటన్నిటి తర్వాతే. మీ విషయంలో లారీ ముందొచ్చింది.

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు చాలంటారు. అది అన్నానికి చెల్లుతుంది, ఎందుకంటే కుండంతా ఒకటే మంట. విషం పడ్డ నేల అలా ఉడకదు. ఇక్కడ తవ్వితే పాదరసం, పదడుగుల అవతల మామూలు మట్టి, ఆ పక్కన మళ్లీ పురుగుమందు. ఒక్క మెతుకు పట్టుకుని వంట అయిపోయిందనుకునే వంటవాణ్ణి ఏ పెళ్లివారూ ఉంచుకోరు. మన దగ్గర మాత్రం రిపోర్టు చేతిలో పెట్టి పంపిస్తారు.

మీ ప్రయాణాల గురించి చెప్పనే అక్కర్లేదు. గుజరాత్‌లోని అంకలేశ్వర్‌కు పంపమంది కోర్టు, గుజరాత్ రానివ్వలేదు. 2012లో జర్మనీలో కాలుద్దురు గానీ రమ్మన్నారు, తీరా వాళ్లూ తప్పుకున్నారు. చివరికి హైకోర్టు గడువు పెడితే 2025 జనవరి ఒకటో తేదీ రాత్రి 12 కంటైనర్లలో, దారంతా ఖాళీ చేయించి, 250 కిలోమీటర్ల దూరంలో, మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పారిశ్రామిక పట్టణం పీథంపూర్‌కు, అక్కడి వ్యర్థాల కొలిమికి ఊరేగించారు. పెళ్లికొడుక్కి కూడా అంత బందోబస్తు ఉండదు. పీథంపూర్ జనం వద్దన్నారు, ఆందోళనలో ఇద్దరు ఒంటికి నిప్పంటించుకున్నారు. ఇక్కడ నాకు వేళాకోళం రావడం లేదు. మీరు ఏం మోసుకొస్తున్నారో వాళ్లకు ముందే కూర్చోబెట్టి చెప్పడం కూడా ఆ వరసలో ఒక పనే.

మీకోసం కేంద్రం 126 కోట్లు మంజూరు చేసింది. మీరు కాలిపోయారు. "భోపాల్ విషం తొలగింది" అని పేపర్లలో వచ్చింది, నేనూ చదివాను. మీరు తప్పు చేశారని అనను. అంకె ఏం చేస్తుంది పాపం, ఎవరెలా రాస్తే అలా పడుంటుంది.

ఒక్క సాయం చేయండి. పీథంపూర్‌లో మీ బూడిదను ఎక్కడ పూడ్చినా, అక్కడినుంచి అన్నగారికి ఓ కార్డు ముక్క రాయండి. అడ్రసు మారలేదు. ఉండేది ఆ పాత గోడ దగ్గరే, కాకపోతే కాస్త లోతుగా. వానాకాలంలో ఇంటి పట్టున ఉండరు, నీళ్లతో పాటు పక్క బస్తీలకు వెళ్లొస్తుంటారు.

ఇట్లు,
మీ పేరు మాత్రమే గుర్తున్న కోట్లమందిలో ఒకడు