కొలంబస్ మా పిల్లకి ఏటవుతాడు?

మహారాజశ్రీ ‘చరిత్రలో ఈరోజు’ గారికి,

నమస్కారాలు. మేం క్షేమం. మీరూ క్షేమమేనని తెలుసు. రోజూ పొద్దున్న ఆరింటికల్లా గులాబీ పువ్వు బొమ్మ వేసుకుని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వాలిపోతున్నారు కదా. మీరు పేపర్లో ఓ మూల డబ్బాలో ఒద్దికగా కూర్చునే రోజుల నుంచీ నాకు మీరంటే గౌరవం. చిన్నప్పుడు మిమ్మల్ని కత్తిరించి నోట్సులో అంటించుకునేవాణ్ణి కూడా. ఆ చనువుతోనే రాస్తున్నాను.

అక్టోబర్ 12 మా అమ్మాయి పుట్టినరోజు. డాబాగార్డెన్స్‌లో ఒక ఫ్రేముల షాపుంది. ఫోటో, పుట్టిన తేదీ ఇస్తే ఆ రోజు చరిత్రలో ఏం జరిగిందో ప్రింటు కొట్టి ఫ్రేము కట్టి ఇస్తాడు. 450 రూపాయలు. గంటలో అయిపోతుందన్నాడు. మొదట కరెంటు పోయింది. తర్వాత లామినేషన్ కుర్రాడు భోజనానికి పోయాడు. వాడొచ్చాక ఇంకు అయిపోయింది. మూడున్నర గంటలు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, పక్క షాపు టీ నాలుగుసార్లు తాగి, సాయంత్రానికి ఇంటికి తెచ్చాను. కేకు కోశాక విప్పాం.

1492లో కొలంబస్ అమెరికా చేరాడు. 1999లో పాకిస్తాన్‌లో ముషారఫ్ గద్దె లాక్కున్నాడు. పవరోటీ అనే ఇటలీ గాయకుడు, హ్యూ జాక్‌మన్ అనే ఆస్ట్రేలియా నటుడు పుట్టారు. వీళ్లందరి కింద మా అమ్మాయి ఫోటో. అంతే.

మా అత్తగారిది విజయనగరం దగ్గర పల్లె. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివించుకుని, “ఈ కొలంబస్సెవుడు బాబూ? మన పిల్లకి ఏటవుతాడు?” అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందేమోనని ఈ ఉత్తరం.

అయ్యా, మా అమ్మాయి పుట్టింది 2014 అక్టోబర్ 12న, విశాఖపట్నంలో. ఈ మాట చెబితే ఈ ఊళ్లో ఆటోడ్రైవర్ బండి పక్కకి ఆపి వెనక్కి తిరిగి చూస్తాడు. పూర్ణా మార్కెట్‌లో కూరలమ్మే ఆవిడకి తెలుసు. బ్యాంకులో ఫారం చూసిన గుమస్తాకి తెలుసు. మీకు తెలీదు.

మీ మిగతా లీలలు నేనెప్పుడూ పట్టించుకోలేదు. నవంబర్ 30న మా మూడో అంతస్తు పెద్దాయన చేత గురజాడకి ‘వర్ధంతి శుభాకాంక్షలు’ చెప్పించింది మీరే. ఊరుకున్నాను. మా ఊరివాడే అయిన శ్రీశ్రీకి ఒక్కోసారి ఒక్కో పుట్టినరోజు చేస్తారు. సరే, అది పండితులకే తేలలేదు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ వాళ్ల ఘాజీ సబ్‌మెరైన్ మా తీరంలో మునిగింది డిసెంబర్ 3, 4 మధ్య రాత్రి. అర్ధరాత్రి వ్యవహారాలు మీకు అచ్చిరావు కాబట్టి ఓ ఏడాది మూడు కింద వేస్తారు, ఓ ఏడాది నాలుగు కింద. నాలుగున ఘంటసాల పుట్టినరోజు కూడా ఉంది, చోటు చాలలేదేమో అని సర్దుకున్నాను.

కానీ కొలంబస్!

ఆ రాత్రి నిద్రపట్టక కూర్చుని చూశాను. ఆయన అమెరికా దగ్గర దీవి చేరిన అక్టోబర్ 12 పాత జూలియన్ క్యాలెండర్ లెక్క. ఇప్పుడు మన గోడ మీదున్న లెక్కలో అది అక్టోబర్ 21. అంటే మా అమ్మాయి పుట్టినరోజులో ఆయనకి అసలు వాటాయే లేదు. పైగా 1582లో పోపు గ్రెగరీ క్యాలెండర్ సరిచేసినప్పుడు ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్‌లో అక్టోబర్ 4 తెల్లారితే 15 వచ్చింది. ఆ ఏడాది అక్కడ 12వ తేదీ రాలేదు. ఇది చెబితే మా అమ్మాయి, “అయితే అప్పుడు నాకు కేకు ఉండేది కాదా నాన్నా?” అని దిగులు పడింది. మన దేశం చేరాననుకుని వేరేచోట దిగిన మనిషిని, తన తేదీ కాని తేదీలో కూర్చోబెట్టి, అందరికన్నా పైన వేశారు. సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చిందీ 2005లో ఇదే అక్టోబర్ 12న. ఆ ధైర్యంతో అడుగుతున్నాను: కొలంబస్‌కి మొదటి వరుస ఎవరిచ్చారు? హుద్‌హుద్‌ తుఫానుని తీసేసిందెవరు? ఫైలు చూపించండి.

ఇక ‘మీరు’ అనలేను. నువ్వు.

నువ్వు ఆ రోజు ఇక్కడ లేవు. ఆదివారం. గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా. ఒమన్ వాళ్లు పెట్టిన పేరట, తల మీద కుచ్చుండే చిన్న పిట్ట పేరు. ఆ పిట్ట విమానాశ్రయం పైకప్పు పీకేసింది. మేమున్న ఆసుపత్రిలో కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పగులుతుంటే ఆయాలు మంచం దుప్పట్లతో నీళ్లు పిండి బకెట్లలో పోశారు. మధ్యాహ్నం ఠక్కున ఆగింది. అమ్మయ్య అనుకుని నేను రోడ్డు మీదకొచ్చాను కూడా. తుఫాను కన్ను మా నెత్తి మీదుందని నాకేం తెలుసు? కాసేపటికి గాలి అటువైపు నుంచి మొదలైంది. ఆ రెండో విడతలో, జనరేటర్ వెలుగులో పుట్టింది మా పిల్ల. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ లేదు. ఒక్క టవర్ పనిచెయ్యలేదు. నాలుగో రోజు మా బావమరిది విజయనగరం నుంచి పడిపోయిన చెట్ల మీదుగా బండి మోసుకుంటూ వస్తే అప్పుడు తెలిసింది వాళ్లకి, ఇద్దరూ బతికే ఉన్నారని. పాల ప్యాకెట్ ఎంతకి కొన్నానో అడక్కు. కైలాసగిరి కాలిపోయిన కొండలా ఉంది. ఎండిన కొమ్మలు ఊరంతా గుట్టలుగా పడున్నాయని ఆ దీపావళికి టపాకాయలు వద్దన్నారు.

ఇదంతా నీకు ఒక్క వాక్యం కూడా కాలేదు.

సోషలిస్టు నాయకుడు లోహియా గారు పోయింది కూడా అక్టోబర్ 12నే, 1967లో. ఆయన పుట్టింది మార్చి 23న. 1931లో భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను ఉరితీసిన తేదీ అదే కాబట్టి తన పుట్టినరోజు చెయ్యొద్దనేవారు. తేదీ మనిషికి అలా తగలాలి. నీకు ఉరీ, కేకూ ఒకటే, ఒకే సైజు అక్షరాలు, మధ్యలో ఒక చుక్క. మా ఇంట్లో ఏటా ఈ రోజు కొవ్వొత్తి వెలిగించగానే మా ఆవిడ ఒక్క నిమిషం కిటికీ వైపు చూస్తుంది. ఆ తర్వాతే కేకు. మా అత్తగారి లెక్క వేరే. ఆశ్వయుజ బహుళంలో తిథి చూసి ఇంకోరోజు తలంటి పోస్తారు. ‘తుఫాను పిల్ల’ అనే పిలుస్తారు. నీ చరిత్రకన్నా ఆవిడ పంచాంగం నయం.

కోపంలో ఏదో అనేశాను. రేపు పొద్దున్న ఆరింటికి మళ్లీ మిమ్మల్ని తెరిచి చదువుతానని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇట్లు,
అక్టోబర్ 12 నాన్న,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

తా.క.: ఫ్రేము వెనక్కి పట్టుకెళ్లాను. డబ్బులు ఇవ్వనన్నాడు. ఇంకో 150 ఇస్తే కొత్త ప్రింటు వేస్తాడట. “హుద్‌హుద్ పెట్టాలంటే చోటు లేదు సార్. కొలంబస్‌ని తీసెయ్యమంటారా?” అన్నాడు.

తీసెయ్యమన్నాను.