తెర వెనక పనికి చదువు అక్కర్లేదా?

విశ్వవిద్యాలయాల ప్రవేశాల ప్రకటనలు మళ్లీ వచ్చాయి. సంగీతం, నృత్యం, రంగస్థలం, శిల్పం అన్నీ ఉన్నాయి. ఆ కళలను నడిపే పనికి, అంటే కళాసంస్థల నిర్వహణకు మాత్రం ఎప్పటిలాగే సిలబస్‌లో ఓ మూలన చోటిచ్చారు. నిధులు, అనుమతులు, లెక్కలు, ప్రేక్షకులు ఎవరికీ పట్టని వ్యవహారమైపోయింది.

1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు రాష్ట్ర సాహిత్య, కళా అకాడమీలను అందులో కలిపేశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కళలు నేర్పే సరోజినీ నాయుడు స్కూల్ 1988 నుంచి నడుస్తోంది. ఆడేవాళ్లు, పాడేవాళ్లు తయారయ్యారు. వాళ్ల సంస్థలను నిలబెట్టేవాళ్లు కాలేదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఈ నిర్వహణ చదువును 1969లోనే మొదలుపెట్టింది. మన దగ్గర ఆడిటోరియమైనా, మ్యూజియమైనా, అకాడమీ అయినా ఏదో ఒక శాఖ అధికారికి అదనపు బాధ్యతగా అంటగట్టడమే రివాజు. ఆయనకు పని తెలిసేసరికి బదిలీ ఉత్తర్వు వస్తుంది.

కళాబృందాన్ని మాత్రం సర్కారు పైసా పైసాకూ లెక్క అడుగుతుంది. ప్రజాధనం కాబట్టి అడగాల్సిందే. కానీ ఆ లెక్క రాయడం ఎవరు నేర్పారు? కేంద్రం గ్రాంటు తీసుకుంటే ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా సాధారణ ఆర్థిక నియమాల (జీఎఫ్ఆర్) 12-ఎ నమూనాలో, డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రం పంపాలి. ఖాతాలో పడిన వడ్డీని కూడా తిరిగి కట్టాలి. బృందాలు ఇక్కడే దెబ్బతింటున్నాయి. ప్రయాణాలకిచ్చిన డబ్బు ఆహార్యానికి, అంటే దుస్తులకూ అలంకరణకూ వాడేస్తారు. లైట్ల అద్దెకు రసీదు తీసుకోరు. ఆడిటర్ దగ్గరికి ఏడాది చివర్లో పరుగెత్తుతారు. మరుసటి విడత ఆగుతుంది, దాంతో రిహార్సళ్లూ ఆగుతాయి.

పన్నుల సంగతీ అంతే. జానపద, శాస్త్రీయ కళాకారుడి ప్రదర్శన పారితోషికం 1.5 లక్షల రూపాయలు దాటకపోతే జీఎస్టీ లేదు. నాటకం టికెట్ 500 రూపాయల వరకూ మినహాయింపే. ఇది తెలియక అనవసరంగా పన్ను కట్టేవారున్నారు. జీఎస్టీ లేదు కాబట్టి చెల్లింపులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను (టీడీఎస్) కూడా ఉండదనుకుని నోటీసులు అందుకునేవారూ ఉన్నారు. కాపీరైట్ సంగతీ అంతే. నాటక రచయిత కన్నుమూసినా 60 ఏళ్లపాటు హక్కులు వారసులవే. ప్రదర్శనకు వాళ్ల అనుమతి కాగితం మీద ఉండాలి. డబ్బు చెల్లించని ప్రేక్షకుల ముందు ఔత్సాహిక సంఘం ఆడే నాటకానికి చట్టంలో వెసులుబాటు ఉంది, టికెట్ పెడితే అది వర్తించదు. కరపత్రాలు అచ్చయ్యాక ఈ విషయం తెలిస్తే ఏం లాభం?

1885లో పుట్టిన సురభి నాటక సమాజం ఇంతకాలం నిలిచిందంటే, తెర కట్టడం నుంచి టికెట్ తెంచడం వరకూ కుటుంబమంతా నేర్చుకోవడం ఒక ప్రధాన కారణం. ప్రతి బృందానికీ అలాంటి కుటుంబం ఉండదు. అందుకే ఈ పనిని విశ్వవిద్యాలయం నేర్పాలి.

ఎంబీఏ చదివినవాళ్లు చాలరా అనేవారున్నారు. బ్యాలెన్స్ షీట్ వరకూ చాలుతారు. ఒగ్గుకథ బృందంలో ఎంతమంది ఉంటారో, తోలుబొమ్మలాటకు ఎంత చీకటి కావాలో, ఏ కాలంలో ఏ ఊళ్లో ఆటకు జనం వస్తారో తెలియనివాడు వేసే బడ్జెట్ మొదటి ప్రదర్శనకే తప్పుతుంది.

కోర్సు పెట్టేస్తే బాధ్యత తీరదు. రెండేళ్ల పీజీలో ఒక సెమిస్టర్ మొత్తం పనిచేసే సంస్థలోనే గడవాలి. అసలైన దరఖాస్తు రాయించాలి, అసలైన లెక్కలు మూయించాలి. పాఠం చెప్పేందుకు రెగ్యులర్ అధ్యాపకులు కావాలి. గంటల లెక్కన వచ్చే అతిథులతో నెట్టుకొస్తే అది ఈవెంట్ మేనేజ్‌మెంట్ డిప్లొమాగా దిగజారుతుంది. పెళ్లి పందిళ్లు వేయించడం వేరు, కళాసంస్థను పదేళ్లు నిలబెట్టడం వేరు.

అన్నిటికన్నా ముందు ఉద్యోగ నిబంధనలు మారాలి. సాంస్కృతిక శాఖలో, ఆడిటోరియాల్లో, మ్యూజియాల్లో నియామకానికి ఈ పట్టాను అర్హతగా రాయాలి. చదువుకున్నవాడు బయట నిలబడితే, కుర్చీలో అదనపు బాధ్యత అధికారి కూర్చుంటే, ఫీజు కట్టిన విద్యార్థిని మోసం చేసినట్టే. కళ మన వారసత్వమని ప్రతి ఉత్సవంలోనూ మైకు పట్టుకుని చెబుతున్న పెద్దలారా, ఆ వారసత్వాన్ని అదనపు బాధ్యతల జాబితాలో ఎందుకు పడేశారు? ముందు ఆ నిబంధనలు సవరించండి. అది చేయకుండా కొత్త కోర్సుకు రిబ్బన్ కత్తిరించడానికి రాకండి.