‘బిట్టర్ స్వీట్ సింఫనీ’లోని వయొలిన్ బిట్టు గారికి

వయొలిన్ బిట్టు గారికి,

నమస్కారం. క్షేమమా అని అడగను, మీ క్షేమానికి ఎప్పుడూ లోటు లేదు. క్షేమం తప్పిందల్లా మిమ్మల్ని ఇంట్లో పెట్టుకున్నవాళ్లకే.

ఇంగ్లండ్‌లో విగాన్ అనే ఊరి నుంచి వచ్చిన ‘ద వర్వ్’ బ్యాండు 1997లో ‘బిట్టర్ స్వీట్ సింఫనీ’ అనే పాట వదిలింది అని చెబితే సగం మంది తల గోక్కుంటారు. అదే మిమ్మల్ని రెండు సెకన్లు కూనిరాగం తీస్తే చాలు, “ఓ, అదా! రోడ్డు మీద ఒకడు అందరినీ గుద్దుకుంటూ పోతాడే!” అంటారు. పాట పేరు గుర్తుండదు, పాడినవాడి పేరు అసలే గుర్తుండదు, మీరూ ఆ గుద్దుడూ మాత్రం గుర్తుంటారు. అందుకే ఉత్తరం నేరుగా మీకే రాస్తున్నా.

ముందు ఆ వీడియో సంగతి. లండన్‌లో హాక్స్‌టన్ స్ట్రీట్. ఆ బ్యాండు గాయకుడు, రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్ అనే బక్కపల్చటి మనిషి నల్ల తోలు జాకెట్ వేసుకుని ఒక మూల నిలబడి ఉంటాడు. మీరు మోగడం మొదలవుతుంది, ఆయన నడక మొదలవుతుంది. ఇక పక్కకి జరిగేది లేదు. ఎదురొచ్చినవాళ్లే జరగాలి, జరగకపోతే భుజం తగులుతుంది. మనిషి వెనక్కి తిరిగి “సారీ” అనడు, కనీసం మొహంలో ఒక గీత కూడా కదలదు. దారికి అడ్డంగా ఒక కారు ఆగి ఉంటే చుట్టూ తిరిగి పోవచ్చు కదా, పోడు. బానెట్ ఎక్కి దిగుతాడు. ఆ కారావిడ దిగొచ్చి మొహం మీదే నిలదీస్తుంది, అయినా ఆయన నడుస్తూనే ఉంటాడు. చివర్లో మిగతా బ్యాండువాళ్లు కూడా వచ్చి పక్కన కలుస్తారు, అందరూ కలిసి వెళ్లిపోతారు. అంతే వీడియో. డాన్సర్లు లేరు, మంచుకొండలు లేవు, చీర మారడం లేదు. దర్శకుడు వాల్టర్ స్టెర్న్ చేసిన పనల్లా ఒక మొండివాణ్ని ఫుట్‌పాత్ మీద వదిలిపెట్టడమే, ఇన్నేళ్లయినా అది పాతబడలేదు.

(మీ ప్రభావంలో పడి నేనూ హాస్టల్ రోజుల్లో కోఠిలో ఒక సాయంత్రం అలా నడిచి చూశాను. మూడు అడుగులు. నాలుగో అడుగులో ఒక పెద్దావిడ కూరల సంచి తగిలింది, టమాటాలు దొర్లాయి, “కళ్లు నెత్తికెక్కాయారా” అని ఆవిడ అరిచిన అరుపుకి బస్టాపులో జనమంతా తిరిగారు. వంగి టమాటాలు ఏరిచ్చాను. ఆష్‌క్రాఫ్ట్ అయితే ఏరి ఉండడు.)

అసలు సంగతి ఇక్కడే ఉంది బిట్టు గారూ. రోడ్డు మీద ఎవడికీ దారివ్వని ఆ మనిషి, మీ వల్ల, ఆఫీసు టేబుల్ దగ్గర మొత్తం దారి వదిలేయాల్సొచ్చింది.

మీ వంశవృక్షం తీస్తే తల తిరుగుతుంది. 1965లో రోలింగ్ స్టోన్స్ అనే బ్యాండువాళ్లు ‘ద లాస్ట్ టైమ్’ అనే పాట చేశారు. ఆ పల్లవికీ, స్టేపుల్ సింగర్స్ 1950ల్లో పాడిన ఒక చర్చి పాటకీ ఉన్న చుట్టరికాన్ని స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్సే ఒప్పుకున్నాడు. తర్వాత స్టోన్స్ మేనేజరు ఆండ్రూ ఓల్డమ్ వాళ్ల పాటల్ని ఆర్కెస్ట్రాతో మళ్లీ చేయించాడు. డేవిడ్ విటేకర్ అనే అరేంజరు ఆ పాటకి వయొలిన్లు రాశాడు. అక్కడ పుట్టారు మీరు. స్టోన్స్ పాట వింటే మీరు ఎక్కడా వినపడరు. గిటార్ ఉంది, వయొలిన్ ఊసే లేదు. అంటే మిమ్మల్ని కన్నది విటేకర్. మరి వర్వ్ పాట మీద రాసినవాళ్ల పేర్లలో విటేకర్ పేరుందా? కూరలో కరివేపాకు. సువాసన ఉంచుకుని ఆకు తీసి పారేశారు.

ముప్పై ఏళ్ల తర్వాత ఆష్‌క్రాఫ్ట్ మిమ్మల్ని తెచ్చుకుని, మీ మీద డ్రమ్ములు, గిటార్లు, ఇంకో దొంతర వయొలిన్లు వేసి, తన మాటలు తను రాసుకుని పాడాడు. అడక్కుండా ఏమీ తేలేదు, పాపం. ఆ పాత రికార్డింగు వాడుకోడానికి డెక్కా కంపెనీ అనుమతి తీసుకున్నారు. కానీ రికార్డింగు హక్కు వేరు, బాణీ హక్కు వేరు. ఇల్లు ఒకరిది, కింద స్థలం ఇంకొకరిది అన్నమాట. స్థలం కాగితాలు స్టోన్స్ ఇంకో పాత మేనేజరు ఆలెన్ క్లైన్ దగ్గరున్నాయి. ఆ తలుపు తట్టేసరికి పాట సిద్ధమై కూర్చుంది, అంటే బేరం చేసే బలం పోయింది. పెళ్లి పీటల మీద కట్నం లెక్క తేల్చినట్టు అయింది. క్లైన్ పాటంతా రాయించుకున్నాడు. ‘సంగీతం: జాగర్, రిచర్డ్స్’, అంటే స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్, పైన చెప్పిన కీత్ రిచర్డ్స్. మాటలు మాత్రం ఆష్‌క్రాఫ్ట్‌వి, అయితే వాటి డబ్బులు కూడా ఆయనకి రావు. ఆయన చేతిలో పడింది వెయ్యి డాలర్లని చెబుతారు.

సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దలు అన్నది మిమ్మల్ని చూడకుండానే. ఇక్కడ చెమట ఒకడిది, సోకు మీది, సొమ్ము మూడోవాడిది.

ఇంకో చోద్యం చెప్పనా. బ్రిటన్ చార్టుల్లో పాట రెండో స్థానంలో ఆగిపోయింది. పైన మొదటి స్థానంలో కూర్చున్నది పఫ్ డాడీ పాట, అది కూడా ‘ద పోలీస్’ అనే బ్యాండు పాట మీద కట్టిందే. ఒక అద్దె ఇంటిని ఇంకో అద్దె ఇల్లు ఓడించింది.

తర్వాత నైకీ ప్రకటనలో మోగారు. ఆగకుండా నడిచే మనిషి పాట, చివరికి బూట్లు అమ్మడానికి! 1999లో గ్రామీ ఉత్తమ రాక్ పాట నామినేషన్ కూడా వచ్చింది, రచయితలుగా జాగర్, రిచర్డ్స్ పేర్లతో. అదే ఏడాది ఓల్డమ్ కూడా నా వాటా ఏదని కోర్టుకెళ్లాడు. పందిరి వేసినవాడు తప్ప అందరూ విస్తరి ముందు కూర్చున్నారు. ఇరవై ఏళ్లలో జాగర్, రిచర్డ్స్ రాసిన గొప్ప పాట ఇదేనని ఆష్‌క్రాఫ్ట్ ఒక చురక వేశాడు. ఆయన దగ్గర మిగిలిన ఆస్తి అదొక్కటే అనుకుంటా, ఆ చురక. 2005లో లైవ్ 8 అనే కచేరీ వేదిక మీద కోల్డ్‌ప్లే బ్యాండుతో కలిసి ఆయన పాడుతుంటే లండన్ హైడ్ పార్క్ అంతా గొంతు కలిపింది. చప్పట్లకి హక్కుల కాగితం ఉండదు కాబట్టి అవి మాత్రం ఆయనకే దక్కాయి.

2019 మేలో జాగర్, రిచర్డ్స్ తమ పేర్లూ తమ వాటా రాయల్టీలూ వదులుకున్నారు. అప్పటికి క్లైన్ పోయి పదేళ్లు. పాట విడుదలై 22 ఏళ్లు. మంచి పనే, కాదనను. అయినా “మీ పాట మీకు తిరిగి ఇస్తున్నాం” అని మీ గుమ్మంలోకి వచ్చి ఎవరైనా అంటే మీరు కాఫీ ఇస్తారా, లెక్క అడుగుతారా? ఆష్‌క్రాఫ్ట్ మాత్రం కృతజ్ఞతలు చెప్పాడు. ఫుట్‌పాత్ మీద ఒక్క “సారీ” చెప్పని మనిషి.

చివరిగా ఒక్క ప్రశ్న, మీరు అక్కడే మోగుతూ ఉన్నారు కాబట్టి మీకే తెలియాలి. ఆ వీడియోలో కారావిడ. మేనేజర్లు, రికార్డు కంపెనీలు, లాయర్లు ఉన్న ఈ మొత్తం వ్యవహారంలో ఏ కాగితమూ చేతిలో లేకుండా వెంటనే దిగొచ్చి “ఏంటిది” అని మొహం మీద అడిగింది ఆవిడొక్కతే. ఆ బానెట్ సొట్ట ఖర్చు ఎవరి ఖాతాలో రాశారండీ?

ఇట్లు,
ఇప్పటికీ మీరే రింగ్‌టోన్‌గా ఉన్న ఒక బుద్ధిలేని శ్రోత