హాజరుపట్టీకి చిక్కని తిథి గారికి

మహాలక్ష్మీ సమానులైన తిథి గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు ఎన్ని గంటల వరకు క్షేమమో పంచాంగం చూస్తే గానీ చెప్పలేను.

తిథి చూసుకోకుండా ఊడిపడేవాణ్ణి అతిథి అన్నారు పెద్దలు. వాడే నయమండీ, వస్తే భోజనం దాకా అయినా ఉంటాడు. మీరు తెల్లవారుజామున 4.12కి వచ్చారని ఎవరికి తెలుస్తుంది, పాలవాడికి తప్ప?

సూర్యచంద్రుల మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. లెక్క ముచ్చటగానే ఉంది. కానీ చంద్రుడు ఒక్కతీరున నడవడు. భూమికి దగ్గరైతే పరుగు, దూరమైతే నీరసం. అందుకే మీ డ్యూటీ ఒకసారి 20 గంటలు, ఒకసారి దాదాపు 27.

హాజరేమో సూర్యోదయానికి ఒక్కసారే వేస్తారు. సూర్యుడు లేచాక వచ్చి, మర్నాడు ఆయన లేవకముందే వెళ్లిపోయారంటే, ఇరవై గంటలు చాకిరీ చేసినా మీరు గైర్హాజరే. క్షయ తిథి అని రాసేస్తారు. రెండు సూర్యోదయాలకు మొహం చూపిస్తే వృద్ధి తిథి! మా ఆఫీసులోనూ ఇదే పద్ధతి కనుక నేనేమీ అనను.

పండగలకు మళ్లీ వేరే షిఫ్టులు. వినాయక చవితికి మీరు మధ్యాహ్నం ఉండాలి, కృష్ణాష్టమికి అర్ధరాత్రి, తద్దినానికి అపరాహ్ణం అంటే మధ్యాహ్నం దాటాక, దీపావళికి ప్రదోషం అంటే పొద్దుగూకే వేళ. 2024లో ఏం చేశారో గుర్తుందా? అమావాస్యగా అక్టోబర్ 31 మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా వచ్చి, నవంబర్ 1 సాయంత్రం ఆరు దాటాక గానీ కదల్లేదు. రెండు సాయంత్రాలకూ ఆశ పెట్టారు. మా బావగారు మొదటిరోజు టపాసులు కాల్చారు, మేం రెండోరోజు. రెండు వారాలు మాటల్లేవు. పిల్లలు మాత్రం రెండిళ్లలోనూ కాల్చుకున్నారు.

పాత సిద్ధాంతులు ‘బాణవృద్ధి, రసక్షయం’ అని మీకో హద్దు గీశారు. 60 ఘడియల మీద, అంటే ఒక రోజు మీద, 5 ఘడియలు పెరగొచ్చు, 6 తగ్గొచ్చు, అంతే. ఆకాశంలో చూస్తే మీరు ఆ హద్దు దాటుతూనే ఉన్నారని, కంటికి కనబడేదానితో సరిపోయేలా లెక్కకట్టే దృక్ సిద్ధాంతం వాళ్లు అంటారు. మా ఇంట్లో రెండు పంచాంగాలూ ఉన్నాయి. సెలవు ఏ రోజు దొరికితే ఆ రోజుకు సరిపడే సిద్ధాంతం మీద మాకు అపారమైన నమ్మకం.

విదేశంలో ఉన్న తమ్ముడి బాధ ఇంకోటి. మీరు లోకమంతటికీ ఒకే క్షణంలో మారతారు, సూర్యుడేమో ఊరికో వేళ లేస్తాడు. వాడు హైదరాబాద్ పంచాంగం ఫోన్‌లో పెట్టుకుని, నాన్నగారి తద్దినం ఒకరోజు ముందో వెనకో అని నాకు అర్ధరాత్రి ఫోన్ చేస్తాడు. నాకేం తెలుసండీ?

ఈ ఉత్తరం సప్తమిలో మొదలుపెట్టాను, ఈ పేరాకి అష్టమి వచ్చేసింది. అష్టమినాడు పోస్టు చేయొద్దంటోంది మా ఆవిడ. నవమి అసలే వద్దంది. దశమి రాగానే డబ్బాలో వేస్తాను. ఎన్ని గంటలకు వస్తున్నారో ఒక కార్డు ముక్క రాసి పడేయండి.

ఇట్లు,
మీ రాకపోకలు తెలియని ఓ గృహస్థు