ముళ్లకంచెకు శాలువా కప్పాలి

పర్యావరణ పురస్కారాలు ఇచ్చే కమిటీలన్నిటికీ ఒక మనవి. మొక్క నాటి సెల్ఫీ దిగినవాళ్లకూ, ప్లాస్టిక్ వద్దని ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టించినవాళ్లకూ ఇచ్చింది చాలు. చెక్ దేశానికి నైరుతి మూలన, జర్మనీలోని బవేరియాను ఆనుకుని షుమావా అనే కొండసీమ ఉంది. అక్కడ దాదాపు నలభై ఏళ్లు ఒక్క పూట సెలవు పెట్టకుండా, మంచులో నిలబడి అడవిని కాపాడిన మహా సేవకురాలు ముళ్లకంచె. ఇప్పటిదాకా దానికి ఒక్క మెమెంటో ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు.

ముందు ఆ అడవి గురించి చెప్పాలి, లేకపోతే అవార్డు ఎందుకో అర్థం కాదు. ప్రాగ్‌లో చార్లెస్ బ్రిడ్జి మీద నిలబడి టూరిస్టులు ఫొటోలు తీసుకునే వల్తావా నది పుట్టేది ఇక్కడే. హిమయుగం వదిలిపోయిన చెరువులు, కుళ్లిన మొక్కలు పేరుకుని, కాలు పెడితే దిగబడే పీట్ నేలలు, వాటి మీదుగా చెక్కబల్లలు పరిచిన నడకదారులు. క్విల్దా ఊరి దగ్గరున్న అలాంటి ఒక బురదనేలలో 1987 జనవరి 30న మైనస్ 41.6 డిగ్రీలు నమోదైంది. స్వెట్టర్ చాలదు. అవతల జర్మన్లు 1970లో బవేరియన్ ఫారెస్ట్‌ను తమ మొదటి జాతీయ పార్కుగా ప్రకటించుకుంటే, ఇవతల చెక్‌లు 1991లో షుమావాను ప్రకటించుకున్నారు. రెండూ కలిపితే మధ్య ఐరోపాలో ఇంత పెద్ద ఏకఖండ అడవి ఇంకోటి లేదంటారు. 1991 అన్న బోర్డు చూసి అడవిని పార్కు కాపాడిందనుకునేరు. పార్కు వచ్చేసరికే పని అయిపోయింది. చేసిన కాంట్రాక్టరు వేరు.

అడవికి మొదటి శత్రువు మనిషేనని మనం సభల్లో చెప్పి టీ తాగి ఇంటికి పోతాం. ఇక్కడ ఆ మాటను అమలు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే, 1945, 46లలో, తరతరాలుగా ఇక్కడ బతికిన జర్మన్ భాషవాళ్లను మూటాముల్లెతో పంపేశారు. 1948లో కమ్యూనిస్టులు గద్దెనెక్కారు. 1950లలో సరిహద్దు పొడవునా నిషిద్ధ ప్రాంతం గీసి, ఆ గీతలో పడ్డ ఊళ్లను నేలమట్టం చేశారు. ఊరు లేకపోతే కట్టెలు కొట్టేవాడు లేడు, రిసార్టు లేదు, రియల్ ఎస్టేట్ వెంచరూ లేదు. బుచినా అనే ఊరు అలాగే పోయింది. క్నీజెత్సీ ప్లానే అనే ఊళ్లో చర్చిని కూడా పేల్చేశారు, సమాధులు మాత్రం మిగిలాయి. చచ్చినవాళ్లు చెట్లు నరకరు కాబట్టి ఉండనిచ్చినట్టున్నారు.

ఆ పైన కంచె లేచింది. ఒకటి కాదు, మూడు వరుసలు. మధ్య వరుసకు కొన్ని వేల వోల్టుల కరెంటు. పక్కనే, అడుగుజాడ పడితే ఇట్టే కనబడేలా దున్ని చదును చేసిన మట్టి పట్టీ. సేద్యం ఆగిపోయిన ఆ సీమలో శ్రద్ధగా దున్నిన నేల అదొక్కటే, అందులో ఒక్క గింజ వేయలేదు. మన సామెతలో కంచె చేను మేస్తుంది. ఇక్కడి కంచె చేను జోలికి పోలేదు, రైతునే మేసింది.

పశ్చిమ దేశాల సామ్రాజ్యవాదులు లోపలికి జొరబడకుండా ఈ ఏర్పాటంతా అని ప్రభుత్వం చెప్పింది. జొరబడదామని అటువైపు క్యూ కట్టిన సామ్రాజ్యవాదులు ఎవరూ లేరు. బయటపడదామని వచ్చిన సొంత జనమే తీగలకూ తూటాలకూ దొరికారు. 1948 నుంచి 1989 దాకా, చెక్‌లూ స్లొవాక్‌లూ ఒకే దేశంగా ఉన్న చెకోస్లొవేకియా సరిహద్దుల్లో అలా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు సుమారు 280 మంది. కాపలా సిపాయిల్లో చనిపోయినవాళ్లు అంతకన్నా ఎక్కువ. వాళ్లలోనూ శత్రువు చేతిలో పోయినవాళ్లు తక్కువ, ప్రమాదాల్లో, ఆత్మహత్యల్లో పోయినవాళ్లే ఎక్కువ. తమ కంచె కరెంటుకే బలైనవాళ్లూ ఉన్నారు. యూనిఫాం చూసి మొహమాటపడని ఈ నిష్పాక్షికతను కమిటీ ప్రత్యేకంగా గమనించాలి. 1960లలో కరెంటు తీసేసి, ముట్టుకుంటే అలారం మోగే తీగలు పెట్టారు. దాన్ని సంస్కరణ అనుకోవాలి కాబోలు.

కంచె ఇంత గట్టిపడక ముందు ఇదే పశ్చిమ సరిహద్దులో ఇంకో కళాఖండం ప్రదర్శించారు. ఆపరేషన్ కామెన్ అంటారు. పారిపోవాలనుకున్న మనిషిని ఒక గైడు రాత్రిపూట అడవిలో నడిపించుకుపోయి, ఒకచోట ఆగి, "ఇక భయం లేదు, జర్మనీలోకి వచ్చేశావు" అనేవాడు. ఎదురుగా ఒక ఇల్లు. లోపల అమెరికా జెండా, గోడకు అమెరికా అధ్యక్షుడి ఫొటో, కుర్చీలో అమెరికా ఆఫీసరు. ఆశ్రయం కావాలంటే వివరాలు కావాలి కదా: నీకు సాయం చేసిందెవరు, మీ ఊళ్లో ఈ ప్రభుత్వమంటే గిట్టనివాళ్లెవరు? గండం గడిచిందనుకున్న మనిషి నమ్మకస్తుల పేర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆ ఆఫీసరు చెక్ రహస్య పోలీసు. ఆ ఇల్లున్నది చెక్ గడ్డ మీదే, అసలు సరిహద్దు ఇంకా ముందుంది. మన సినిమావాళ్లు కోట్లు పోసి సెట్లు వేస్తారు, అయినా ప్రేక్షకుడు అట్ట గోడలని పట్టేస్తాడు. ఇక్కడ ఒక్క ప్రేక్షకుడి కోసం షో వేశారు, అతను చివరిదాకా నమ్మాడు. టికెట్ ధర మాత్రం అతని స్నేహితులు కూడా కట్టారు.

1989 డిసెంబర్ 23న చెకోస్లొవేకియా విదేశాంగ మంత్రి యిరీ దీన్స్త్‌బీర్, పశ్చిమ జర్మనీ విదేశాంగ మంత్రి హన్స్ డీట్రిష్ గెన్షర్ కలిసి, షుమావాకు ఉత్తరాన రొజ్వదొవ్ దగ్గర కెమెరాల ముందు తీగ కత్తిరించారు. ఆ తర్వాత కంచెను ఎంత వేగంగా పీకేశారంటే, కొన్నేళ్లకు చూపించడానికి ముక్క లేదు. అందుకని బుచినాలో నకలు కట్టారు. కూల్చేసిన ఊరికి నకలు కట్టలేదు, కూల్పించిన కంచెకు కట్టారు! వేసవిలో జనం సైకిళ్ల మీద వస్తారు, కంచె ముందు ఫొటో దిగుతారు, ఆకాశం తేటగా ఉంటే దూరాన ఆల్ప్స్ కొండలు కనిపిస్తాయని సంబరపడతారు. ఒకప్పుడు ఆ వ్యూ కోసం జనం ఎంత చెల్లించారో ఎవరూ అడగరు. అసలు కంచె చూడాలన్న పట్టుదల ఉన్నవాళ్లు ఆస్ట్రియా సరిహద్దులోని పొదియీ జాతీయ పార్కుకు, చీజోవ్ ఊరికి పోవాలి. అక్కడ కొన్ని వందల మీటర్ల కంచెను కావలి టవర్‌తో సహా ఉన్నచోటే ఉంచారు. దాని తుప్పు కూడా అసలుదే.

స్మారకాల సంగతి వచ్చింది కాబట్టి ఎలుగుబంటిని కూడా తలచుకోవాలి. షుమావాలో ఆఖరి ఎలుగుబంటిని 1856లో కాల్చి చంపారు. దాని జ్ఞాపకార్థం అడవిలో ఒక రాయి నిలబెట్టారు, దాని పేరున నడకదారి ఉంది, గడ్డి కూరిన దాని దేహం ఓహ్రదా కోట మ్యూజియంలో ఉంది. కొన్ని ఊళ్లకు ఆ ఎలుగుబంటికి దక్కినంత మర్యాద కూడా దక్కలేదు. తోటల్లో మిగిలిన పండ్ల చెట్లు చూసి ఇక్కడ ఇల్లుండేదని మనమే ఊహించుకోవాలి.

రాళ్లూ బోర్డులూ అక్కర్లేకుండా కంచెను గుర్తుపెట్టుకున్నవి ఆ అడవిలోని ఎర్రజింకలు. పరిశోధకులు వాటి మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి ఏళ్ల తరబడి చూశారు. కంచె పోయి పాతికేళ్లవుతున్నా వాటిలో చాలావరకు పాత గీత దాటడం లేదని 2014లో తేల్చారు. చెక్ జింక చెక్ వైపే, జర్మన్ జింక జర్మన్ వైపే. జింక ఆయుష్షు సుమారు 15 ఏళ్లు, అంటే కంచెను కళ్లారా చూసిన జింక ఒక్కటీ బతికి లేదు. తల్లి వెంట తిరుగుతూ నేర్చుకున్న దారే పిల్లకు దారి, అది దాని పిల్లకు. రిటైరై ఇన్నేళ్లయినా ఆఫీసును ఇలా నడిపిస్తున్న ఉద్యోగి ఏ ప్రభుత్వంలో ఉంది? పింఛను కూడా తీసుకోవడం లేదు.

మనుషుల పరిస్థితి అంత నిలకడగా లేదు. 2007 డిసెంబర్‌లో చెక్ దేశం, సరిహద్దుల్లో తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాల కూటమి షెంగెన్‌లో చేరాక ఈ సరిహద్దు దాటడమంటే ఫోన్‌లో నెట్‌వర్క్ పేరు మారడమే అన్నారు. 2023 అక్టోబర్ నుంచి జర్మనీ మళ్లీ తనిఖీలు మొదలుపెట్టింది. ఈసారి ఆపేది లోపలికి వచ్చేవాళ్లను. మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ వీకెండ్‌కు పులిహోర డబ్బాతో షుమావా బయల్దేరే మనవాళ్లు దీన్ని బట్టి రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. గుర్తులు వేసిన నడకదారి వదిలి అడవిలోకి దిగొద్దు, అక్కడ అరుదైన పక్షులు గుడ్లు పెట్టుకుంటాయి, జరిమానా మనకు పడుతుంది. రెండోది, రెసిడెన్స్ కార్డు ఇంట్లో మర్చిపోవద్దు. తిరుగు ప్రయాణంలో పోలీసు కారు ఆపి అడిగితే, "కంచె ఎప్పుడో కత్తిరించేశారు కదండీ" అని చరిత్ర పాఠం మొదలుపెట్టకండి. వెనకాల కార్లు చాలా ఉంటాయి.